కత్తెరక్క చలికోటు

కత్తెరక్కకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. వీధి మొత్తానికీ ఆవిడ కత్తెరక్క. చేతిలో ఎప్పుడూ కత్తెర ఉంటుందని కొందరు, కాదు, కత్తెర నోట్లోనే ఉందని కొందరు. ఎవరి అనుభవం వాళ్లది. తమ్ముడి ఇంట్లో వీధివైపు గదే ఆవిడ కుట్టు దుకాణం. రెండు మిషన్లు, ఒక పొడుగాటి బల్ల, గోడ మేకులకు వేలాడే సగం కుట్టిన బట్టలు, ఎంత ఊడ్చినా నేలను వదలని దారప్పోగులు. మెడలో టేపు ఉంటుంది కానీ అది అలంకారానికే. కొలిచేది చేత్తో. బొటనవేలినుంచి చిటికెన వేలిదాకా చాచి, వీపు మీద ఒక జాన, రెండు జానలు, పైన మూడు వేళ్లు అని వేసిందంటే, ఆ చొక్కా ఒంటికి అతికినట్టు రావలసిందే. వాళ్ల నాన్న అలాగే కొలిచేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న విద్య అది.

కుట్టు వంకర పోతే మాత్రం ఆవిడ మనిషి కాదు. కుట్టు విప్పే చిన్న ముల్లు ఒకటి ఎప్పుడూ మెడపట్టీకి గుచ్చుకుని తిరుగుతుంది. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు "బాగానే ఉంది కదక్కా, ఇచ్చెయ్యి" అని బతిమాలినా సరే, వాళ్ల కళ్లముందే పరపరా విప్పేస్తుంది. "మీ కంటికి బాగుంది. నా కంటికి లేదు. రేపు రండి" అంటుంది. మారు మాట్లాడితే రేపు కాస్తా ఎల్లుండి అవుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోకపోవడం ఒక ఎత్తు. మరదలు కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, పాపం, ముచ్చటపడి టీ పెట్టి దుకాణంలోకి పట్టుకొచ్చింది. "నాకు చేతుల్లేవా?" అంది కత్తెరక్క, మిషను మీంచి తల ఎత్తకుండా. ఆ పిల్ల బిక్కచచ్చిపోయి కప్పు వెనక్కి తీసుకుపోయింది. ఆ తర్వాత మళ్లీ తేలేదు. ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చినా కత్తెరక్క తన జావ తనే కాచుకుంటుంది, తన కప్పు తనే కడుక్కుంటుంది. "మా వదిన పోయాక శ్మశానానికి కూడా తనే నడిచి వెళ్తుంది, మనల్ని శ్రమపెట్టదు" అని మరదలు చాటున నవ్వుతుంది. నవ్వుతుంది గానీ ఆ నవ్వులో కాస్త బాధ కూడా ఉంది.

ఊరికే రాదు కదా అంత పంతం. తల్లి ముందే పోయింది. తండ్రి పోయేనాటికి ఆవిడకు ఇంకా పదిహేనో ఏడు నిండలేదు, తమ్ముడు మరీ పసివాడు. ఇద్దర్నీ పెద్దమ్మ తీసుకెళ్లి పెట్టుకుంది. పెట్టుకున్నందుకు పెట్టింది కూడా. కాకపోతే పెట్టిన పిడికెడు మెతుకులకి పుట్టెడు మాటలు. వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ "ఏం చేస్తాం, మా నెత్తిన పడ్డారు" అని వడ్డిస్తూ చెప్పేది. ఒకరోజు తమ్ముడు రెండోసారి అడిగితే ఆ మహాతల్లి గరిటె ఎత్తి చూపించి నవ్వింది. కొట్టలేదు, నవ్వింది. అంతే. కత్తెరక్క లేచి చెయ్యి కడుక్కుని, తమ్ముడి చెయ్యి పట్టుకుని, మూతపడ్డ నాన్న దుకాణానికి నడిచి వెళ్లి తలుపు తీసింది. ఇంకెప్పుడూ ఇంకొకరి చేతి కింద చెయ్యి పెట్టనని ఆ రోజే అనుకుంది. అనుకున్న మాట అలాగే నిలబెట్టుకుంది. తమ్ముణ్ణి పెంచింది, చదివించింది, పెళ్లి చేసింది. వాడి పిల్లలకి చొక్కాలూ గౌన్లూ కుట్టింది. తన బట్టలు కూడా తనే కుట్టుకుంటుంది. నాన్న పోయాక ఆవిడ ఒంటి కొలత తీసుకున్న మనిషి లేదు.

అలాంటి మనిషి సముద్రం దాటి పోతానంటే ఎవరు నమ్ముతారు?

వీధి చివరి ఆసుపత్రి నర్సు, తెల్లకోటు నడుం దగ్గర బిగుతైందని వదులు చేయించుకోవడానికి వచ్చి, మాటల్లో మాటగా కదిపింది. "మా సేవాసంస్థ వాళ్లు వేరే దేశానికి మనుషుల్ని పంపుతున్నారక్కా. వరదలో ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయట. చలి ముదిరేలోపు పిల్లలకి కోట్లు కుట్టించాలి, అక్కడి ఆడవాళ్లకి కుట్టు నేర్పాలి. జీతం గీతం ఉండదు. తిండీ, పడకా వాళ్లే చూస్తారు." అని ఫోనులో ఫొటో చూపించింది. బురదలో ఒక పిల్ల నిలబడి ఉంది. తమ్ముడు కాబోలు, చిన్నవాణ్ణి చెయ్యి పట్టుకుని ఉంది. ఇద్దరి ఒంటి మీదా ఎవరో పెద్దవాళ్ల చొక్కాలు, మోకాళ్లు దాటి వేలాడుతున్నాయి. కత్తెరక్క పళ్లతో దారం తెంపింది. ఫోను వెనక్కి ఇచ్చేసి, "నడుం రెండు వేళ్లు వదుల్తాను, రేపు రా" అంది. మర్నాడు నర్సు రాగానే, కోటు చేతికి ఇస్తూ, "నా పేరు రాయించు" అంది.

తమ్ముడు ఎగిరిపడ్డాడు. "నీకేమైనా పిచ్చా అక్కా? పక్కవీధి పెళ్లికి పిలిస్తేనే రావు, దేశం కాని దేశం పోతావా?"

"పెళ్లికి పోతే కూర్చోబెట్టి పెడతారు. అక్కడికి పెట్టడానికి పోతున్నాను. తేడా లేదూ?"

"ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు?"

"ఇక్కడ ఎవరు చూస్తున్నార్రా?"

ఆ మాటకి మరదలు చప్పున తల దించుకుంది. చూడనిస్తే కదా, అని నోటిదాకా వచ్చింది. మింగేసి, "పోనివ్వండి. అక్కడివాళ్లు గుండీలు ఏ పక్కన పెట్టుకుంటారో చూడకపోతే వదినకి నిద్ర పట్టదు" అని నవ్వించేసింది.

అలా వెళ్లింది. ఊరి చివర, ఇళ్లు పోయినవాళ్లకి కొత్తగా వేసిన రేకుల ఇళ్ల వరుసలు. వాటి పక్కనే ఒక పాత గిడ్డంగి. అందులో మిషన్లు వేశారు, గోడవారన మందపాటి ఊలుబట్ట చుట్టలు పేర్చారు. శిబిరం చూసుకునే పెద్దాయన ముందే చెప్పాడు: బట్ట సరిగ్గా పిల్లల లెక్కకి సరిపోయేంతే ఉంది, పాడైన ప్రతి ముక్కకీ ఒక పిల్లకి కోటు ఉండదు. నేర్చుకునే ఆడవాళ్లందరిలోకీ ఇద్దరు ఆవిడకి మొదటిరోజే కళ్లబడ్డారు. ఒకామె నిట్రాటలా ఉంటుంది, గుమ్మంలో వంగి రావాలి. ఆమెను కత్తెరక్క మనసులో పొడుగామె అనుకుంది. ఇంకొకావిడ ముసలామె, పిడికెడు మనిషి, సూదిలో దారం ఎక్కిస్తున్నంతసేపూ తనలో తను ఏదో సణుగుతూనే ఉంటుంది. ఆవిడ గొణుగుడమ్మ అయింది. వీళ్ల మాటకీ కత్తెరక్క మాటకీ మధ్య ఒక పంతులమ్మ ఉంది. ఎప్పుడో చదువుకోవడానికి ఇటువైపు వచ్చి కొన్నాళ్లు ఉండి వెళ్లిన మనిషి, మన మాట బాగానే వచ్చు. కాకపోతే ఆమెకి బడి ఉంటుంది కదా, సాయంత్రం గానీ రాదు.

పంతులమ్మ లేనప్పుడు సైగలే. మొదటి కోటుకి కత్తెరక్క అందరినీ బల్ల చుట్టూ నిలబెట్టి, బట్ట మీద జాన చాచి చూపించింది. వీపుకి ఇన్ని, చేతికి ఇన్ని, చంక దగ్గర ఇన్ని వేళ్లు. అందరూ బుద్ధిగా తలలు ఊపారు. చేతులు కత్తిరించే పని పొడుగామెకి ఇచ్చింది, వీపులూ ముందుభాగాలూ గొణుగుడమ్మకి. తక్కినవాళ్లు కుట్టడం. తను ఒక మూల మొరాయించిన మిషను విప్పుకుని కూర్చుంది. సాయంత్రానికి కోట్లు తయారయ్యాయి. తొడిగి చూడ్డానికి ఒక చిన్నదాన్ని పిలిచారు. వీపు బిగిసి ఊపిరాడటం లేదు, చేతులు చూస్తే మోకాళ్లు దాటి ఊగుతున్నాయి. చంక దగ్గర చెయ్యి కలవక కుచ్చులు కుచ్చులుగా లేచి ఉంది. ఆ పిల్ల ఆ చేతులు రెక్కల్లా ఊపుతూ గిడ్డంగి అంతా పరిగెత్తింది.

ఏం జరిగిందంటే, జాన అన్నారు కదా అని ఎవరి జాన వాళ్లు వేశారు! పొడుగామె చెయ్యి చాచితే పళ్లెమంత. గొణుగుడమ్మది చిన్నపిల్ల చెయ్యి. ఇందులో వాళ్ల తప్పేముంది చెప్పండి? చేత్తో కొలవమని చూపిస్తే చేత్తోనే కొలిచారు. కత్తెరక్కకి మాత్రం ఆ క్షణాన అంత ఓర్పు ఎక్కడిది? మెడపట్టీలోంచి ముల్లు తీసి, కోట్లన్నీ ఒళ్లో పోసుకుని పరపరా విప్పడం మొదలుపెట్టింది. పొడుగామె విప్పడానికి సాయం రాబోతే మోచేత్తో పక్కకి నెట్టింది. గొణుగుడమ్మ వేడి టీ తెచ్చి పక్కన పెడితే, తన ఫ్లాస్కు చూపించి అక్కర్లేదని చెయ్యి ఊపింది. అప్పటికి ఆ టీ అలా వెనక్కి పోవడం మొదటిసారి కాదు, రోజూ జరుగుతున్నదే. గొణుగుడమ్మ కప్పు పట్టుకుని గొణక్కుండా వెళ్లిపోయింది. ఆవిడ గొణక్కపోవడం అదే మొదలు.

మర్నాటినుంచి కత్తిరింపు మొత్తం కత్తెరక్కే పెట్టుకుంది. వాళ్లకి కుట్టడం ఒక్కటే వదిలింది. పని చకచకా సాగింది. విప్పిన ముక్కల్ని ఇంకా చిన్నపిల్లలకి సరిపెట్టింది, ముక్క బట్ట కూడా వృథా కాలేదు. సగం కోట్లు పూర్తయ్యాయి కూడా. అప్పుడు జారిపడింది.

వాన కురిసి వెలిసిన పొద్దున, గిడ్డంగి మెట్ల మీద, బట్ట చుట్ట భుజాన వేసుకుని వస్తోంది. "ఇద్దరం పట్టుకుందాం" అని పొడుగామె సైగ చేస్తూనే ఉంది, ఈవిడ వింటేనా? కాలు సర్రున జారింది. చుట్ట తడవకుండా పైకెత్తి పట్టుకుని తను కింద పడింది. కుడి మణికట్టు విరిగింది. కత్తెర పట్టే చెయ్యి.

మోచేతిదాకా పిండికట్టు వేశారు. పెద్దాయన వచ్చి మెత్తగానే చెప్పాడు, పంతులమ్మ చేత చెప్పించాడు. "మీ చెయ్యి ఈ చలికాలానికి కత్తెర పట్టదు. మీ వాళ్ల దగ్గరికి వెళ్లిపోతే నయం. వచ్చేవారం విమానానికి పంపిస్తాను. ఉంటానంటే ఉండండి, వద్దనను. కానీ మిమ్మల్ని దగ్గరుండి చూసుకునేవాళ్లు ఎవరైనా కావాలి కదా." కత్తెరక్క ఆలోచించనైనా లేదు. "వెళ్లిపోతాను" అంది.

ఆవిడకి ఉండాలని లేక కాదు. ఆ మిగిలిన సగం బట్ట చుట్టలు కళ్లలో మెదులుతూనే ఉన్నాయి. ఫొటోలో పిల్లలాంటి పిల్లలు అక్కడ వీధికి పదిమంది ఉన్నారు, కోటు రానివాళ్లు కోటు వచ్చినవాళ్ల దగ్గర నిలబడి గుండీలు ముట్టుకుని చూస్తున్నారు. కానీ ఉండాలంటే ఒకరి చేత తల దువ్వించుకోవాలి, గుండీలు పెట్టించుకోవాలి, తినిపించుకోవాలి. వడ్డిస్తూ పెద్దమ్మ అన్న మాటలన్నీ ఇన్నేళ్ల తర్వాత చెవిలో గింగురుమన్నాయి. ఇవ్వడానికి వచ్చినదాన్ని, వీళ్ల నెత్తిన పడతానా? అంతకంటే చావు నయం అనుకుంది. నిజంగానే అలా అనుకుంది.

మర్నాడు సాయంత్రం గదిలో సంచి సర్దుకుంటోంది. ఒంటిచేత్తో మడతలు పడవు, ఉండచుట్టి కుక్కుతోంది. జిప్పు లాగితే సంచి వెనకాలే వస్తుంది. మోకాలితో నొక్కిపెట్టి లాగుతుండగా గొణుగుడమ్మా, వెనకాల పంతులమ్మా తలుపు తోసుకుని వచ్చారు. గొణుగుడమ్మ చేతిలో టీ. ఇది కూడా అలవాటుగా వద్దనబోయింది కత్తెరక్క. ముసలావిడ కప్పు బల్ల మీద ఠక్కున పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, గొణగడం కాదు, గట్టిగా అరవడం మొదలుపెట్టింది. పంతులమ్మకి అందుకోవడం కష్టమైంది.

"ఏమంటోంది?" అంది కత్తెరక్క.

"మీకు చెయ్యే కదా విరిగింది, నోరు విరగలేదు కదా అంటోంది. నోటితో చెప్తే తను కత్తిరించలేదా అంటోంది."

"బట్ట పాడవుతుంది."

"మీ తల పాడైంది అంటోంది. నేను కాదండీ, ఆవిడే." పంతులమ్మ కాస్త భయంగానే చెప్పింది.

"నన్ను చూసుకునేవాళ్లు ఎవరున్నారని ఉండను? ఒకరి చేత చేయించుకునే బతుకు నాకొద్దని చెప్పు."

ఆ మాట అటు చేరగానే ముసలావిడ అరవడం మానేసింది. వచ్చి మంచం మీద కూర్చుంది. కాసేపు తన చేతులు తనే చూసుకుంది. తర్వాత మెల్లిగా చెప్పింది, పంతులమ్మ కూడా మెల్లిగానే చెప్పింది.

"వరద వచ్చిన దగ్గర్నుంచి మాకు అందరూ పెట్టేవాళ్లే. బియ్యం పెట్టారు, దుప్పట్లు పెట్టారు, ఇదిగో ఈ ఇల్లు కూడా ఎవరో పెట్టిందే. చేతులు చాచి చాచి మాకు భుజాలు పడిపోయాయి. నాకు ఇల్లుండేది. నా ఇంటికి వచ్చినవాళ్లు ఏమీ తాగకుండా వెళ్లిన రోజు లేదు. ఇప్పుడు నా దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఒక్క కప్పు టీ. అది రోజూ తెస్తున్నాను. రోజూ నువ్వు వెనక్కి పంపిస్తున్నావు. మేం నీ దగ్గర తీసుకోవచ్చు, నువ్వు మా దగ్గర తీసుకుంటే అరిగిపోతావా?"

కత్తెరక్కకి మరదలు గుర్తొచ్చింది. టీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కొత్త పెళ్లికూతురు, ఆ పిల్ల మొహం. ఛీ, ఎంత పాపిష్టిదాన్ని, అనుకుంది. పెద్దమ్మ పెట్టి ఏడిపించింది. తను పెట్టనివ్వక ఏడిపించింది.

ఎడమచేత్తో కప్పు తీసుకుంది. అలవాటు లేని చెయ్యి, కప్పు పక్కకి ఒరిగింది. ముసలావిడ కప్పు అడుగున తన చెయ్యి పట్టింది. తాగింది. చల్లారిపోయింది, తీపి మరీ ఎక్కువ. అంత మంచి టీ తన జన్మలో తాగలేదని ఇప్పటికీ చెప్తుంది. కళ్లనీళ్లు జలజలా రాలి కప్పులో పడ్డాయి. "ఉప్పు కలిపి తాగుతారా మీ వైపు?" అంది గొణుగుడమ్మ. ఆ మాట పంతులమ్మ చెప్పేసరికి ముగ్గురూ ఏడుస్తూనే నవ్వారు.

సంచి విప్పింది. అది కూడా తను కాదు, పంతులమ్మ విప్పింది.

అప్పటినుంచి పొద్దున్నే గొణుగుడమ్మ వచ్చేది. దువ్వెన నీళ్లలో ముంచి తల దువ్వి జడ అల్లేది. అల్లుతున్నంతసేపూ గొణుగుడే. ఏమని గొణిగేదో ఇవాళ్టికీ తెలియదు, తిట్లయినా అయి ఉండచ్చు. కత్తెరక్క మొదటిరోజు కర్రలా బిగుసుకుని కూర్చుంది. తన తలలో ఇంకొకరి వేళ్లు తిరిగి ఎన్నేళ్లయిందో. అమ్మ పోయాక ఎవరూ లేరు. కొన్నాళ్లకి ఆ వేళ్లు రాకముందే కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, కళ్లు మూసుకుని కూర్చునేది. ఇంకొకామె గుండీలు పెట్టేది, ఇంకొకామె తినిపించేది. "చంటిపిల్లనైపోయాను, ఇక ఊయల ఒక్కటే తక్కువ" అని పంతులమ్మతో అనేది. అనేది గానీ వద్దనేది కాదు.

కత్తిరింపు సంగతి పొడుగామె తేల్చింది. కత్తెరక్క ఎడమ చెయ్యి పట్టుకుని, బల్ల మీద పరిచి, వేళ్లు విప్పదీసి, బొటనవేలి కొననుంచి చిటికెన వేలి కొనదాకా ఒక వెదురుపుల్ల ఆనించి, సుద్దతో గీత గీసి నరికింది. దాన్ని చూసి అలాంటివే మనిషికొకటి. అంతే, ఇక ఎవరి చెయ్యి ఎంతున్నా జాన మాత్రం ఒక్కటే. "అబ్బ, ఇంత తెలివి మొదటిరోజే ఎక్కడ దాచావే తల్లీ!" అంది కత్తెరక్క. పొడుగామె పుల్లతో ఆవిడ నెత్తి మీద చిన్నగా కొట్టింది. మొదటిరోజు అడగనిస్తే కదా! కత్తెరక్క కుర్చీలో కూర్చుని వేళ్లు చూపించేది, తల ఊపేది, పళ్లు కొరికేది. వాళ్లు కత్తిరించేవాళ్లు. గొణుగుడమ్మ చెయ్యి మొదట్లో తడబడినా, తర్వాత్తర్వాత కత్తెర బట్టలో నీళ్లలో చేపలా పోయింది. చలి ముదిరేలోపు ఆఖరి కోటు ఆఖరి పిల్ల ఒంటి మీదికి వెళ్లింది. ఆ పిల్ల ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకుని, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని నడుచుకుంటూ పోయింది. కత్తెరక్క ఆ జేబు వైపే చూస్తూ ఉండిపోయింది.

ఇక వెళ్లే రోజులు దగ్గరపడ్డాయి. పిండికట్టు ఇంకా ఉంది. అప్పుడు ఆ ఆడవాళ్లకి ఒక కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున వస్తూ కౌగిలింత, సాయంత్రం పోతూ కౌగిలింత. ఒకామె ముందునుంచి, ఒకామె వెనకనుంచి. పొడుగామె వీపంతా చెయ్యి పరిచి నిమిరేది. గొణుగుడమ్మ మెడ చుట్టూ చేతులు వేసి వేలాడేది. ఇంకొకామె ఎడమచెయ్యి భుజంనుంచి కిందిదాకా పామేది. "ఈ వాటేసుకోవడాలేమిటమ్మా, నేనేం చచ్చిపోతున్నానా?" అని విసుక్కునేది కత్తెరక్క. విసుక్కుంటూనే రెండోసారికి తనే చెయ్యి చాపేది. జీవితమంతా జనాన్ని కొలిచిన మనిషి, తనను కొలుస్తుంటే కనిపెట్టలేకపోయింది చూడండి!

ఆఖరిరోజు గిడ్డంగికి వెళ్లేసరికి బల్ల మీద ఒక చలికోటు ఉంది. పిల్లల కోట్లకు పోగా మిగిలిన ముక్కలన్నీ అతికి కుట్టిన కోటు. కుడిచెయ్యి భుజంనుంచి మణికట్టుదాకా తెరిచి ఉంది, దాని పొడుగునా గుండీలు. పిండికట్టు చెయ్యి దూర్చక్కర్లేదు, చుట్టి గుండీలు పెట్టుకోవచ్చు. ఒక్క గుండీకి ఇంకో గుండీతో పొంతన లేదు. ఎర్రది, కొమ్ముది, ఇత్తడిది, చిన్నపిల్ల గౌనుది. పక్కన నిలబడ్డ ఆడవాళ్ల బట్టలు చూస్తే ఒక్కొక్కరికీ ఒక్కో గుండీ దగ్గర పిన్నీసు ఉంది.

తొడిగారు. కత్తెరక్క కళ్లు ఆగుతాయా? ఎడమచెయ్యి పొడుగు, వేళ్లు మునిగిపోతున్నాయి. మెడ చిన్నది. అంచు ఒక పక్కకి జారింది. వెదురుపుల్ల బయటికి తీస్తే దొరికిపోతామని మళ్లీ ఎవరి జాన వాళ్లే, అదీ కౌగిలింతల్లో ఉజ్జాయింపుగా వేశారు, దొంగముఖాలు! మొదటిరోజు తప్పే, ముక్కకి ముక్క. ఆవిడ ఎడమచేత్తో కోటంతా తడుముకుంది. వీపు మీద ఒకచోట ఆగింది, పొడుగామె వైపు వేలు చూపించింది. మెడ దగ్గర ఆగింది, గొణుగుడమ్మ వైపు చూపించింది. ఏ ముక్క ఎవరి చెయ్యో చెప్పేస్తుంటే వాళ్లు సిగ్గుపడి ఒకరినొకరు తోసుకున్నారు.

అప్పుడు ఆవిడ చెయ్యి అలవాటుగా మెడపట్టీ మీదికి పోయింది. ముల్లు బయటికి వచ్చింది. గిడ్డంగిలో నవ్వులు ఆగిపోయాయి. పొడుగామె మొహం పాలిపోయింది. కత్తెరక్క నాలుగడుగులు వేసి, గొణుగుడమ్మ చెయ్యి తెరిచి, ఆ ముల్లు అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఇది నా దగ్గరుంటే దారిలో చెయ్యి ఊరుకోదు. నువ్వే దాచు" అంది. పంతులమ్మ చెప్పబోయింది. చెప్పక్కర్లేకపోయింది. ముసలావిడ అప్పటికే మెడ పట్టుకుని వేలాడుతోంది.

ఇంటికి వచ్చిన ఆ కోటు చూసి తమ్ముడు పడీపడీ నవ్వాడు. మరదలు దగ్గరికి వచ్చి చూసి, "వదినా, ఒక చెయ్యి ఇంత పొడుగుందేమిటి? విప్పి సరిచెయ్యనా?" అంది.

"దాని జోలికి వచ్చావంటే నీ చెయ్యి పొట్టి చేస్తాను" అంది కత్తెరక్క. నోరు ఎక్కడికీ పోలేదు, సంతోషించండి.

కొన్నాళ్లకి పిండికట్టు తీసేశారు. చెయ్యి చక్కగా అతుక్కుంది. దుకాణం తలుపులు తెరిచింది, మిషను తుడిచింది, కత్తెరకి సాన పట్టించింది. ఒక పొద్దున, మరదలు వంటింట్లో ఉండగా, తల విరబోసుకుని, దువ్వెన పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కాసేపు అటూ ఇటూ చూసింది. ఆ మాట అడగడానికి ఆవిడకి సముద్రం దాటినంత పనైంది.

"ఏమే, కాస్త జడ వెయ్యి."

మరదలు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "చెయ్యి బాగైంది కదా వదినా?"

"బాగైంది. అయితే ఏం?" అని కత్తెరక్క కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, అటు తిరిగి కూర్చుంది. "అలాగే ఒక కప్పు టీ కూడా పెట్టు. తీపి ఎక్కువెయ్యి."

మరదలు పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చి, దువ్వెన అందుకుంది. జడ సగం అల్లేసరికి ఆ పిల్ల కళ్లనీళ్లు కత్తెరక్క మెడ మీద పడ్డాయి. ఆవిడ వెనక్కి తిరగలేదు. "వంకరగా వచ్చినా ఫరవాలేదే, నెమ్మదిగా వెయ్యి" అంది.